డ్రమ్ వాయించి వేషం కొట్టేసిన పిల్లాడు

శ్రోతలకు నమస్కారం.

అమెరికా టీవీ హాస్య ధారావాహికల్లో 'ఐ లవ్ లూసీ'కి పెద్దపీట. సీబీఎస్ టీవీ చానెల్లో 1951 అక్టోబరు నుంచి 1957 మే దాకా సాగింది. కథలో లూసీ, రికీ దంపతుల కొడుకు లిటిల్ రికీ. పసివాడుగా ఉన్నప్పుడు ఆ వేషానికి కవలల్ని పెట్టారు. పసిపిల్లలతో ఎక్కువసేపు పనిచేయించకూడదు కదా, ఒకడు ఏడుపు లంకించుకుంటే రెండోవాణ్ని తెచ్చేవారు. 1956లో, ఆరో సీజన్‌కి, మాటలు నేర్చిన పిల్లాడు కావలసివచ్చింది. అప్పుడొచ్చాడు కీత్ టిబడో. ఊరు లూసియానాలోని లాఫాయెట్. అప్పటికి ఆరేళ్లు నిండలేదు.

అతణ్ని ఎంచుకున్నది నటన చూసి కాదు, డ్రమ్స్ విని. బడి ఈడు రాకముందే హోరేస్ హైట్ ఆర్కెస్ట్రాతో ఊరూరా తిరిగి వాయించినవాడు. తండ్రి వేషం వేసిన డెసీ ఆర్నాజ్ క్యూబా నుంచి వచ్చిన కాంగా వాద్యకారుడు. కాంగా అంటే చేతులతో వాయించే పొడవాటి డ్రమ్. పరీక్షలో ఆయనే పిల్లాడి పక్కన చేరి వాయించాడు. టిబడో అన్న ఇంటిపేరు పలకడం కష్టమని రిచర్డ్ కీత్ అని మార్చారు. ఆ పేరు కూడా ఆ ధారావాహిక టైటిల్స్‌లో పడలేదు. దాంతో లిటిల్ రికీ ఆర్నాజ్ సొంత కొడుకే అని చాలామంది నమ్మారు.

డ్రమ్ వచ్చిన పిల్లాడే ఎందుకు కావాలి? కిటుకు చిత్రీకరణలో ఉంది. ప్రేక్షకుల్ని ఎదురుగా కూర్చోబెట్టి, మూడు 35 ఎంఎం కెమెరాలను ఒకేసారి నడిపి తీసేవారు. ఒకే కెమెరాతో తీస్తే దూరం షాట్ ఒకసారి, చేతుల దగ్గరి షాట్ ఇంకోసారి తీయాలి. రెండోసారి వాయించినప్పుడు వేగం పిసరు మారినా, అతికించిన చోట పుల్ల ఒక దెబ్బ దగ్గర, శబ్దం మరో దెబ్బ దగ్గర ఉంటాయి. మూడు కెమెరాల పద్ధతిలో ఆ బెడద లేదు. కానీ మధ్యలో ఆపడం, సరిదిద్దడం కుదరదు కాబట్టి పిల్లాడి లయ కదలకూడదు. పిల్లలు తప్పేది సాధారణంగా ఇక్కడే: జనం నవ్వగానే ఉత్సాహంతో వేగం పెంచేస్తారు. పెద్దనటుల మాటల విరామాలన్నీ చెదిరిపోతాయి.

కాంగా మరో తలనొప్పి. మధ్యలో అరచేత్తో కొడితే మంద్ర ధ్వని, అంచున వేళ్లతో తాకి వెంటనే వదిలేస్తే తెరుచుకున్న నాదం, వేళ్లు కాస్త వంచి చరిస్తే పదునైన శబ్దం. చిన్న చేతులకు మూడోది తొందరగా లొంగదు. బలం పెడితే మణికట్టు నొప్పి తప్ప నాదం రాదు.

1956 అక్టోబరు 8న వచ్చిన భాగం కథంతా లిటిల్ రికీ డ్రమ్ నేర్చుకోవడమే. ఒకటే దరువు ఇంటిల్లిపాదికీ పట్టుకుంటుంది. రచయితలు పిల్లాడి చేతుల్ని బట్టి కథ రాశారనే అనిపిస్తుంది నాకు.

 

1962 నుంచి కీత్ 'ది ఆండీ గ్రిఫిత్ షో' అనే మరో హాస్య ధారావాహికలో, కథానాయకుడి కొడుకు ఓపీకి స్నేహితుడు జానీ పాల్‌గా కనిపించాడు. అది ఒకే కెమెరాతో, ప్రేక్షకులు లేకుండా తీసినది. నవ్వులు తర్వాత కలిపేవారు. అక్కడ డ్రమ్‌తో పనిలేదు, మాటతోనే నెగ్గాలి.

1966లో ఆ పని ముగిశాక లూసియానా చేరాడు. 1969లో మిసిసిపీకి చెందిన డేవిడ్ అండ్ ద జెయింట్స్ అనే రాక్ బృందంలో డ్రమ్మర్‌గా కుదిరాడు. ఆర్కెస్ట్రాలు వాయించే స్వింగ్ అనే ఊగే లయలో ఒక్కో దెబ్బనూ మన తిస్ర గతిలా మూడుగా విరిచి మొదటి, మూడో భాగాల మీద వాయిస్తారు. రాక్‌లో విరుపు సమానంగా రెండు. నాలుగు దెబ్బల ఆవృతంలో రెండో, నాలుగో దెబ్బల మీద స్నేర్ అనే చిన్న డ్రమ్ దెబ్బ గట్టిగా పడాలి. స్వింగ్ అలవాటైన చెయ్యి రాక్‌లో కూడా ఊగుతుంది, పాట బరువు తగ్గిపోతుంది. చిన్ననాటి చేతివాటం మార్చుకోవడం కొత్తగా నేర్చుకోవడం కన్నా కష్టం. తర్వాత ఆ బృందం క్రైస్తవ రాక్ వైపు మళ్లింది.

భార్య క్యాథీ బ్యాలే నర్తకి. ఆమె 1986లో మిసిసిపీలోని జాక్సన్‌లో బ్యాలే మాగ్నిఫికాట్ అనే నృత్య సంస్థ పెట్టింది. కొన్నేళ్లకు దాని నిర్వహణ కీత్ చేతికి వచ్చింది.