ఐరన్ టాబ్లెట్లు వేసుకున్నా రక్తం ఎందుకు తగ్గుతుంది? పప్పుచారు గిన్నెతో చెప్తాను

(వంటగది. పొయ్యి పక్కన గిన్నెలో పప్పుచారు, చెంబుతో నీళ్లు, ఒక గరిటె.)

నమస్తే. చారు సంగతి తర్వాత, ముందు ఇవి చూడండి.

(కవర్లోంచి ఎర్ర టాబ్లెట్ల షీట్లు తీసి బల్ల మీద పేరుస్తూ)

ఒకటి, రెండు, మూడు... మొత్తం పదకొండు షీట్లు. ఒక్కటీ చింపలేదు. అమ్మాయికి ఏడో నెల. ఇంటికెళ్లి అడిగితే బియ్యం డబ్బా వెనక నుంచి తీసిచ్చింది. ఎందుకమ్మా వేసుకోలేదు అంటే, జవాబు వాళ్లత్తగారు చెప్పారు: "అవి వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందంట కదమ్మా!"

పదహారేళ్ల నుంచి ఏఎన్ఎంగా, అంటే సర్కారు నర్సమ్మగా చేస్తున్నా. ఈ మాట వినని నెల లేదు. బిడ్డ రంగు అమ్మానాన్నల నుంచి వస్తుంది, టాబ్లెట్ నుంచి రాదు. ఈ అపోహ ఎలా పుట్టిందో నాకొక అనుమానం ఉంది. ఐరన్ వేసుకుంటే మలం నల్లగా వస్తుంది కదా. పేగులు పీల్చుకోగా మిగిలిన ఐరన్ అది, అంతే. దాన్ని చూసి ఎవరో, లోపలంతా నల్లబడుతోంది, బిడ్డ కూడా నల్లబడుతుందని లెక్క కట్టి ఉంటారు. అయినా నల్లగా పుడితే మాత్రం ఏమైందట? అదే ఇంట్లో కుంకుమపువ్వు డబ్బీ దేవుడి గూట్లో ఉంది, ఊరికే ఇచ్చిన టాబ్లెట్లేమో బియ్యం డబ్బా వెనక ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది. కానీ బయటికి ఏమీ అనలేదు, మళ్లీ ఆ ఇంటికే వెళ్లాలి కదా.

సరే, రంగు గొడవ వదిలేద్దాం. ఇంతకన్నా తెలివైన ప్రశ్న ఒకటుంది. బుద్ధిగా టాబ్లెట్లు వేసుకునేవాళ్లే అడుగుతారు. "మేడమ్, మూడో నెలలో రక్తం, అదే హిమోగ్లోబిన్, పదకొండున్నర ఉంది. రోజూ వేసుకున్నా ఏడో నెలలో పదిన్నరకొచ్చింది. ఇక ఇవెందుకు?" న్యాయమైన ప్రశ్నే. దీనికోసమే ఈ గిన్నె.

ఇది నలుగురికి సరిపడా చేసిన పప్పుచారు. చిక్కగా ఉంది. ఇంతలో ఇద్దరు చుట్టాలొచ్చారు. మనమేం చేస్తాం?

(చెంబుతో నీళ్లు పోస్తూ)

అదీ సంగతి. చారు పెరిగింది, పప్పు మాత్రం అంతే ఉంది. ఇప్పుడు గరిటెతో తీస్తే పల్చగా వస్తుంది. పప్పు ఎవరైనా ఎత్తుకెళ్లారా? లేదు, నీళ్లు పెరిగాయి.

కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో జరిగేది కూడా ఇదే. రక్తంలో నీటి భాగం, అంటే ప్లాస్మా, 40 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది. ఎర్ర కణాలు కూడా పెరుగుతాయి కానీ 20, 30 శాతమే. నీళ్లు ఎక్కువ పడ్డాయి, పప్పు తక్కువ పడింది. అందుకే వేలు గుచ్చి తీసిన చుక్కలో అంకె తగ్గినట్టు కనిపిస్తుంది. ఏడు, ఎనిమిది నెలలప్పుడు బాగా పల్చగా ఉంటుంది. ఇది రోగం కాదు. పల్చటి రక్తం, కడుపులో బిడ్డకు తిండి అందించే మాయలోకి సులువుగా పారుతుంది, బిడ్డకు కావలసింది అదే.

మరి ఇబ్బంది ఎక్కడ? మొదట్నుంచీ పప్పు తక్కువ వేసిన గిన్నెలో. మన ఆడపిల్లల్లో చాలామంది నెల తప్పేటప్పటికే పల్చటి చారుతో ఉంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. మన దగ్గర హిమోగ్లోబిన్ 11 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనతే అంటాం. ఆ గిన్నెలో మళ్లీ ఇన్ని నీళ్లు పడితే ఎలా ఉంటుందో మీరే చూడండి.

(ఇంకో చెంబు పోసి, గరిటెతో పైకెత్తి వదులుతూ)

ఇది చారా? పసుపు నీళ్లు!

కాన్పు రోజు గిన్నె కొంచెం ఒలుకుతుంది. మామూలు కాన్పులోనే కొంత రక్తం పోతుంది, అర లీటరు దాటితే మేం కంగారుపడతాం. చిక్కటి గిన్నెలోంచి రెండు గరిటెలు ఒలికినా మిగిలిందాంతో పని జరుగుతుంది. ఈ పసుపు నీళ్లలోంచి రెండు గరిటెలు పోతే? పదిన్నర ఉన్నమ్మాయి తట్టుకునే రక్తస్రావం ఆరున్నర ఉన్నమ్మాయి ప్రాణం మీదికి తెస్తుంది. మేం కార్డులో ఆ అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీసేది మిమ్మల్ని భయపెట్టడానికి కాదమ్మా.

అంటే టాబ్లెట్ చేసే పని గిన్నెలో పప్పు వేయడం. పదిన్నర కూడా 11 కన్నా తక్కువే, డాక్టరుకు చూపించాలి. కానీ అంకె అక్కడ ఆగిందంటే టాబ్లెట్ పని చేసినట్టే. వేసుకోకపోతే ఇంకా కిందికి వచ్చేది.

తిండితో సరిపోదా అంటారు. తొమ్మిది నెలలకీ అదనంగా కావలసిన ఐరన్ దగ్గర దగ్గర 1000 మిల్లీగ్రాములు. అందులో 300 దాకా బిడ్డా, మాయా తీసుకుంటాయి. తిన్న ఐరన్‌లో ఒంటికి పట్టేది కొంచెమే. తోటకూర, రాగులు, మాంసం తినండి, మంచిదే. బీట్‌రూట్ మాత్రం... ఎర్రగా ఉంది కాబట్టి రక్తం పడుతుందనుకోవడం, పసుపు తింటే బంగారం వస్తుందనుకోవడం రెండూ ఒకటే. అందులో ఐరన్ చాలా తక్కువ. ఇంకో మాట. బలపాలు, సుద్ద, పచ్చి బియ్యం, మట్టి తినాలనిపిస్తోందా? వేవిళ్ల కోరికలే అని నవ్వేసి ఊరుకోకండి. ఐరన్ తక్కువైతే అలా అనిపించొచ్చు. సిగ్గుపడకుండా మాకు చెప్పండి.

ఈ ఎర్ర టాబ్లెట్‌లో 60 మిల్లీగ్రాముల ఐరన్‌తో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. ఇంగ్లీషు మందులు మాకు పడవనే పెద్దవాళ్లకి నేనొక కథ చెప్తాను. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండ్ డాక్టరమ్మ బొంబాయి వచ్చి, మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత మీద పరిశోధన చేసింది. ఈస్ట్ సారం తినిపిస్తే వాళ్లు కోలుకున్నారు. అందులో ఉన్నదేమిటో ఆవిడకు అప్పటికి తెలియదు, అది ఫోలిక్ యాసిడ్ అని తర్వాత తేలింది. 1940లలో అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో దాన్ని తయారుచేసిన బృందాన్ని నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. కాబట్టి అత్తయ్యగారూ, ఇందులో కొంత గోదావరి జిల్లా కూడా ఉంది!

అయ్యో, ఫోన్‌లో ఛార్జింగ్ 6 శాతం చూపిస్తోంది. వేసుకునే పద్ధతి గబగబా చెప్పేస్తాను.

మొదటి మూడు నెలలు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే. నాలుగో నెల నుంచి ఈ ఎర్రది, రోజుకొకటి, కనీసం 180 రోజులు. రక్తం తక్కువుంటే డాక్టరు రోజుకు రెండు రాస్తారు. టీ, కాఫీలకు గంట అటూ ఇటూ వేసుకోవద్దు. మనం గిన్నెలో పప్పు వేస్తుంటే టీ గరిటెతో తీసి పారేస్తుంది. కాల్షియంతో కలిపి వేసుకోవద్దు, రెండు గంటలు తేడా ఉండాలి. పాలూ అంతే, కుంకుమపువ్వు వేసినా వేయకపోయినా. నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే బాగా పడుతుంది. వికారంగా ఉంటే రాత్రి అన్నం తిన్నాక, పడుకునే ముందు వేసుకోండి. మలబద్ధకం ఉంటే నీళ్లు, ఆకుకూరలు పెంచండి, టాబ్లెట్ మానకండి. నాలుగో నెల తర్వాత నులిపురుగుల మాత్ర ఒకటిస్తాం. అదీ వేసుకోండి, పురుగులు కూడా మన గిన్నెలోంచే తింటాయి.

నెల రోజులు సరిగ్గా వేసుకున్నా రక్తహీనత ఉన్నవాళ్లకి ఒక గ్రాము కూడా పెరగలేదంటే డాక్టరు చూడాలి. 7 కన్నా తక్కువుంటే ఇక టాబ్లెట్లతో కాదు, పెద్దాసుపత్రికి వెళ్లాల్సిందే. అక్కడ సెలైన్‌లో ఐరన్ పెడతారు, అవసరమైతే రక్తం ఎక్కిస్తారు. నడిస్తే ఆయాసం, గుండెదడ, కాళ్లూ ముఖమూ వాపు ఉంటే అంకె కోసం ఆగొద్దు, వెంటనే వెళ్లండి.

4 శాతం. చివరిది. సీమంతం చేసి పుట్టింటికి పంపుతారు చూడండి, చాలామందికి టాబ్లెట్లు ఆగిపోయేది అక్కడే. చీరలూ గాజులూ సర్దుతారు, షీట్లు మాత్రం అత్తగారింట్లో అల్మరాలో ఉండిపోతాయి. పెట్టెలో అన్నిటికన్నా పైన తల్లీబిడ్డల కార్డు, మిగిలిన టాబ్లెట్లు పెట్టుకోండి. అక్కడి ఏఎన్ఎంకి కార్డు చూపిస్తే మళ్లీ ఇస్తారు. కాన్పు అయ్యాక కూడా ఇంకో 180 రోజులు వేసుకోవాలి. పాలిచ్చేవాళ్లు వేసుకోవచ్చా అని కిందటి వీడియోకి చాలామంది అడిగారు. వేసుకోవచ్చు, వేసుకోవా