గద్దర్ పాట కట్టిన తీరు

సభకు నమస్కారం. పాలమూరు నుంచి, రాయలసీమ నుంచి మేస్త్రీల వెంట వలస వచ్చిన కూలీలు ఎందరో బతుకుతున్న ఈ బెంగళూరులో గద్దర్‌ను తలచుకునేటప్పుడు, ఆయన రాజకీయాలకన్నా ముందు ఆయన పాట కట్టిన తీరును చెప్పుకోవడం న్యాయమని నా అభిప్రాయం.

తూప్రాన్‌లో ఒక దళిత కుటుంబంలో 1949లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు (గద్దర్ అసలు పేరు ఇదే) ఇంజనీరింగ్ చదువు మధ్యలోనే ఆపి, సినీ దర్శకుడు బి. నర్సింగరావు వంటి వారి సాహచర్యంలో నక్సలైట్ ఉద్యమ సాంస్కృతిక బృందమైన జన నాట్యమండలి వైపు నడిచారు. కొన్నాళ్లు కెనరా బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి (దాని ప్రధాన కార్యాలయం మన ఊళ్లోనే ఉంది), 1984లో రాజీనామా చేశారు.

ఆయన కొత్త బాణీల కోసం వెతకలేదు. నాట్లు వేసే ఆడవాళ్ల పాట, ఉయ్యాల పాట, జోలపాట జనం చెవుల్లో అప్పటికే ఉన్నాయి గనుక మాట మారిస్తే చాలు, వినేవాడు మూడోసారికే వంత అందుకుంటాడు. ఒగ్గుకథకుడు కథను ఆపి జనంతో మాట్లాడినట్టే ఆయన కూడా పాటను మధ్యలో ఆపి, కూలి రేటు గురించో పోలీసుల దాడి గురించో నాలుగు మాటలు చెప్పి, వెనకనున్న బృందం డప్పు అందుకోగానే మళ్లీ పల్లవిలోకి వచ్చేవారు. భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు తప్ప వేరే రంగాలంకరణ అక్కరలేదు. కూడలి ఉంటే చాలు, అదే వేదిక. ‘మాభూమి’ చిత్రంలో ఆయన పాడిన ‘బండెనక బండి గట్టి’ కూడా తెలంగాణ సాయుధ పోరాట కాలం నాటి పాటే.

1985లో కారంచేడులో దళితులపై జరిగిన దాడి తరువాత అజ్ఞాతంలోకి వెళ్లిన మనిషి 1990 ఫిబ్రవరిలో నిజాం కళాశాల మైదానంలో జనం ముందుకు వచ్చారు. 1997 ఏప్రిల్ 6న ఆయనపై జరిగిన కాల్పుల్లో ఒక తూటా చివరిదాకా ఒంట్లోనే ఉండిపోయింది.

ఎన్నికలను బహిష్కరించమన్న ఉద్యమంలో దశాబ్దాలు గడిపిన ఆయన 2018లో మొదటిసారి ఓటు వేయడాన్ని పాత సహచరులు కొందరు జీర్ణించుకోలేకపోయారు. బాణీని జనం దగ్గరే తీసుకున్న కళాకారుడు ఆ జనం నిలబడిన వరుసలోకే వెళ్లడం నాకు వింతగా తోచదు. అయితే 2023లో సొంత పార్టీ ప్రకటించడం మాత్రం ఆయన పాటకు బలం చేకూర్చలేదనే అనుకుంటాను.

అదే ఏడాది ఆగస్టు 6న ఆయన కన్నుమూశారు. ‘ఒరేయ్ రిక్షా’ సినిమాలోని పాటకు వచ్చిన నంది పురస్కారాన్ని తిరస్కరించిన వ్యక్తి పేరు మీదనే ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం సినిమా పురస్కారాలు ఇస్తున్నది.