పడి మొలిచే పూలమొక్కలు: చేయి ఎప్పుడు ఆపాలి

అందరికీ నమస్కారం.

"పోయిన ఏడు కాస్మోస్ విరగబూసింది, ఈ ఏడు ఒక్క మొక్కా పడి మొలవలేదు." కొత్తగా తోట మొదలుపెట్టినవాళ్ళు తరచూ చెప్పే మాట ఇది. పడి మొలవడమంటే రాలిన గింజ మనం విత్తకుండానే తనంతట మొలవడం. చాలాసార్లు తప్పు విత్తనానిది కాదు, మన శుభ్రతది.

కాస్మోస్ ఏకవార్షికం. అంటే ఏడాది పొడుగునా బతికేదని కాదు. మొలిచి, పూసి, విత్తనం రాల్చి, ఒకే కాలంలో బతుకు ముగించే మొక్క. కాస్మోస్ విత్తిన 50–60 రోజులకు పూతకొస్తుంది. పూలు మనకు అందం, మొక్కకు మాత్రం విత్తనానికి దారి. అందుకే వాడిన పూలు తుంచేస్తుంటే విత్తనం కట్టలేక మళ్ళీ మళ్ళీ పూస్తుంది. మొదటి పూతల్లో తుంచండి, మంచిదే. కానీ పువ్వు విత్తనంగా ముదరడానికి మొక్కను బట్టి నెల, నెలన్నర పడుతుంది. కాబట్టి కాలం ముగియడానికి ఆరు వారాల ముందే కత్తెర పక్కన పెట్టాలి. చివరిదాకా తుంచితే రాలడానికి ఏమీ మిగలదు.

ముదిరిందో లేదో పోల్చుకోవడం చూద్దాం. బంతిలో పూలరేకులు ఎండి, కింది పచ్చని దొప్ప గోధుమరంగుకు తిరిగాక, రేకుల్ని పట్టి లాగితే సూదుల్లాంటి విత్తనాల కట్ట ఊడివస్తుంది. ఒక కొన నల్లగా గట్టిగా ఉంటే పనికొస్తుంది. పాలిపోయి పల్చగా ఉంటే తాలు. బాల్సమ్ కాయది వేరే వ్యవహారం. పచ్చగా, నూగుతో ఉన్నప్పుడు విప్పితే లోపల తెల్లటి లేత గింజలుంటాయి, అవి మొలవవు. కాయ ఉబ్బి, కాస్త పసుపు తిరిగాక వేలితో నొక్కితే చాలు, ఐదు చెక్కలూ ఒక్కసారిగా లోపలికి చుట్టుకుపోయి గోధుమరంగు గింజల్ని విసిరేస్తాయి. వాటిని ఏరి దాచుకోవాలనుకుంటే ముందే కాయకు పల్చటి గుడ్డసంచి కట్టాలి.

రాలాక నేల సంగతి. పారతో తిరగేస్తే గింజలు జానెడు లోతుకు పోతాయి, అక్కణ్ణుంచి పైకి రాలేవు. పై సెంటీమీటరు మట్టిని పళ్ళున్న చిన్న చేతి పనిముట్టుతో గీకితే చాలు. పోర్టులాకా గింజలు దుమ్మంత సన్నం, వాటికి వెలుతురు తగలాలి, గీకే పని కూడా లేదు. ఐదు సెంటీమీటర్ల మందాన ఆకుల మల్చ్ (నేలను కప్పే పొర) పరిచిన చోట పడి మొలక ఆశించకండి. మల్చ్ కావాలంటే మొలకలు వేలెడు ఎత్తు వచ్చాకే.

అసలు నష్టం జరిగేది కలుపు తీసేటప్పుడు. మొదట వచ్చే బీజదళాలు అసలు ఆకుల్లా ఉండవు: కాస్మోస్‌వి సన్నటి పట్టీల్లా ఉంటాయి, దారాల్లాంటి ఆకులు తరువాత వస్తాయి. రెండు అసలు ఆకులు వచ్చేదాకా ఆ మడిలో చేయి పెట్టొద్దు. బంతి అయితే ఆకు నలిపి వాసన చూడండి, అనుమానం తీరిపోతుంది.

గుంపుగా లేచిన మొలకలకు నీళ్ళు ఎక్కువైతే కాడ నేల దగ్గర దారంలా సన్నబడి వాలిపోతుంది. ఇది నారుకుళ్ళు. పడిపోయిన మొలక లేవదు, కాబట్టి ముందే పలచన చేయాలి: కాస్మోస్, బాల్సమ్‌లకు 25–30 సెంటీమీటర్ల ఎడం. పీకితే పక్కదాని వేళ్ళూ కదులుతాయి, కత్తెరతో నేలబారుగా కత్తిరించండి. వేరే చోట నాటాలంటే నాలుగు ఆకులప్పుడు, సాయంత్రం, మట్టిగడ్డతో సహా. గసగసాల జాతి పూలు తల్లివేరు కదిలితే తట్టుకోలేవు, వాటిని మొలిచిన చోటే ఉంచాలి.

ఇక సంకర రకాలు. ఎఫ్1 (రెండు రకాల్ని కలిపిన తొలితరం సంకరం) అని రాసిన ప్యాకెట్ మొక్కల గింజలు మొలుస్తాయి, కానీ పిల్లలు తల్లిలా ఉండవు; రంగు మారుతుంది, ముద్దపువ్వు రేకపువ్వు కావచ్చు. మీకు ఒకే రంగు కావాలంటే తొలి పువ్వు విచ్చిన రోజే కేళీలను, అంటే వేరే రంగు పూసిన మొక్కల్ని, పీకేయాలి, లేకపోతే వాటి పుప్పొడి మిగతావాటికి చేరుతుంది. ఆఫ్రికన్, ఫ్రెంచి బంతుల్ని కలిపి చేసిన త్రిస్థితిక (రెండుకు బదులు మూడు వరుసల క్రోమోజోములున్న) రకాలు దాదాపు గొడ్డువి. విత్తనం కట్టవు కనుకే ఆగకుండా పూస్తాయి. వాటి కింద మొలకల కోసం ఎదురుచూడటం దండగ.

చీమలు, పిచ్చుకలు మడిలో సగం గింజలు ఎత్తుకుపోయినా ఆశ్చర్యం లేదు. అందుకని ఒక గుప్పెడు గింజల్ని వారం రోజులు నీడన ఆరబెట్టి, కాగితపు కవరులో వేసి, పేరూ తేదీ రాసి దాచండి. ప్లాస్టిక్ కవరులో తడి ఆరని గింజలు వేస్తే బూజు పడతాయి.