నడి సముద్రంలో వాతావరణ సూచన ఈమెయిల్లో: సెయిల్‌డాక్స్ వాడి చూశాక

నమస్తే అండీ. సెయిల్‌డాక్స్ అంటే మెయిల్లో అడిగితే మెయిల్లోనే వాతావరణ సూచన పంపే సేవ. ముందు ఈ స్క్రీన్ చూడండి. మెయిల్లో ఉన్నది ఒకే ఒక్క లైను. సెండ్ అని రాసి, ఖాళీ వదిలి, జీఎఫ్‌ఎస్ (వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడల్ పేరు), కోలన్. తర్వాత 10ఎన్, 20ఎన్, 60డబ్ల్యూ, 40డబ్ల్యూ, అంటే మనకి కావాల్సిన సముద్రపు పెట్టెకి అక్షాంశ, రేఖాంశ హద్దులు. నిలువు గీత, 1, 1. మళ్లీ నిలువు గీత, 24, 48, 72, అంటే ఎన్ని గంటల తర్వాతి సూచన కావాలో. ఇంకో నిలువు గీత, చివర పీడనానికి పీఆర్‌ఎంఎస్‌ఎల్, గాలికి విండ్. సబ్జెక్ట్‌లో ఏం రాసినా పర్లేదు. ఈ లైనుని క్వెరీ ఎట్ సెయిల్‌డాక్స్ డాట్ కామ్‌కి పంపితే కాసేపట్లో జవాబుగా చిన్న ఫైలు వస్తుంది. రాబోయే మూడు రోజులు అట్లాంటిక్‌లో ఆ ముక్క మీద గాలి ఎటు నుంచి ఎంత వీస్తుందో అందులో ఉంటుంది. పైసా ఖర్చు లేదు. ఖర్చంతా శాటిలైట్ ఫోనుకే.

2022 నవంబరులో కేనరీ దీవుల్లోని లాస్ పాల్మాస్ నుంచి కరీబియన్‌లోని సెయింట్ లూసియాకి 38 అడుగుల తెరచాప పడవలో వెళ్లాం. సుమారు 2,700 నాటికల్ మైళ్లు, నలుగురం, 22 రోజులు. వాతావరణం తెప్పించే బాధ్యత నాకిచ్చారు. కావాలనే తీసుకున్నాను. మాది ఉప్పాడ. నాన్న వేటకెళ్లిన రోజు అమ్మ సాయంత్రం రేడియో దగ్గర నుంచి కదిలేది కాదు. మత్స్యకారులు సముద్రంలోకి వెళ్లరాదు అన్న ముక్క చెవిన పడిందంటే ఆ పూట ఇంట్లో ఎవరికీ ముద్ద దిగేది కాదు. ఎందుకంటే నాన్న అప్పటికే లోపల ఉండేవారు, ఆ మాట ఆయనకి చేరే దారి లేదు. ఈ వీడియో చేయడానికి అసలు కారణం అదే.

సరే, పని ఎలా జరుగుతుందో చూద్దాం. మా దగ్గర ఉన్నది ఇరిడియం గో అనే శాటిలైట్ ఫోను పరికరం, మొదటి మోడల్. దాని డేటా వేగం సెకనుకి 2.4 కిలోబిట్లు, అంటే 300 బైట్లు. 30 కిలోబైట్ల ఫైలు రావాలంటే అంతా సవ్యంగా ఉన్నా వంద సెకన్లు. అలల్లో పడవ ఊగుతూ సిగ్నల్ తెగుతూ ఉంటే అంతకు రెండు మూడింతలు. ఆ వేగంతో వాతావరణ వెబ్‌సైట్ ఒక్కటి కూడా తెరుచుకోదు. మెయిల్ మాత్రం వస్తుంది.

కాబట్టి అడిగేటప్పుడే పొదుపుగా అడగాలి. ఇందాకటి లైనులో 1, 1 అంటే ఒక్కో డిగ్రీకి ఒక్కో చుక్క, ఆ చుక్క దగ్గర గాలి, పీడనం ఎంతో ఫైల్లో వస్తుంది. మా పెట్టెలో మొత్తం 231 చుక్కలు. అదే రెండు డిగ్రీలకి ఒకటి చాలంటే 66తో సరిపోతుంది. పావు డిగ్రీకి ఒకటి కావాలంటే 3,321. చూడ్డానికి మ్యాపు నిండుగా, ముచ్చటగా ఉంటుంది. కానీ నడి సముద్రంలో వందల మైళ్ల మేర గాలి దాదాపు ఒకేలా వీస్తున్నప్పుడు అన్ని చుక్కలు ఏం చేసుకుంటాం? దీవుల దగ్గరికి వచ్చాక ఒక డిగ్రీ కంటే సన్నగా అడగండి, అప్పటిదాకా అక్కర్లేదు.

తొమ్మిదో రోజు నేను చేసిన తప్పు చెప్తాను. తెల్లవారుజామున, నిద్రమత్తులో, 40డబ్ల్యూ అనడానికి బదులు 40ఈ అని కొట్టాను. ఒక్క అక్షరం. 20 డిగ్రీల వెడల్పు కాస్తా 100 డిగ్రీలైంది. 231 చుక్కలు 1,111 అయ్యాయి. ఫైలు సగం వచ్చి తెగడం, మళ్లీ మొదలుపెట్టడం, మళ్లీ తెగడం. దాని వెనక వరుసలో హెచ్చరికల మెయిల్ ఆగిపోయింది. గంటన్నర టెన్షన్ పడ్డాం. చివరికి ఫైలు తెరిస్తే మ్యాపులో సగానికి పైగా ఆఫ్రికా నేల. ఆ రోజు నుంచి నియమం పెట్టుకున్నాం: ఒకరు టైప్ చేయాలి, ఇంకొకరు పైకి చదవాలి, ఆ తర్వాతే పంపాలి. మీ మెయిల్ యాప్‌లో ఫైలు సైజుకి పరిమితి పెట్టే వీలుంటే బయల్దేరే ముందే పెట్టేసుకోండి.

ఇప్పుడు ఫైలు తెరుద్దాం. గ్రిబ్ అంటారు దీన్ని. ఈ చిన్న బాణాల్లాంటివి చూశారా? తోకకి సగం ఈక ఉంటే 5 నాట్లు (గంటకి 5 నాటికల్ మైళ్ల వేగం), నిండు ఈక ఉంటే 10, త్రికోణం ఉంటే 50. ఇక్కడ ఒక నిండు ఈక, ఒక సగం, అంటే 15. తోక ఈశాన్యం వైపు ఉంది కాబట్టి గాలి అటు నుంచే. ఆ ఈశాన్య గాలి వెంటే శతాబ్దాలుగా పడవలు ఈ దారిన పోతున్నాయి. అమెరికా వాతావరణ సంస్థ జీఎఫ్‌ఎస్ మోడల్‌ని రోజుకి నాలుగుసార్లు నడుపుతుంది. యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం ప్రకారం 0, 6, 12, 18 గంటలకి. లెక్క పూర్తయి మన చేతికి రావడానికి నాలుగైదు గంటలు పడుతుంది, అందుకే ఆ గంట కొట్టగానే అడిగితే వచ్చేది పాత ఫైలే. రోజూ అడగలేమనుకుంటే సెండ్ బదులు సబ్ అని రాస్తే చాలు, రోజూ అదే పంపుతుంది. ఒక్కచోటికే కావాలంటే స్పాట్ అని రాసి అక్షాంశ రేఖాంశాలిస్తే కొన్ని గంటలకొక లెక్క చొప్పున చిన్న పట్టిక వస్తుంది. నాకు బాగా నచ్చింది ఇదే. మరీ సిగ్నల్ లేని రోజున కూడా ఇది దిగింది.

అయితే గ్రిబ్‌ని మాత్రమే నమ్ముకుంటే దెబ్బతింటాం. పన్నెండో రాత్రి, రెండు గంటలప్పుడు, కాపలా కాసే వంతు నాది. ఫైల్లో 18 నాట్లు. గాలి మీటర్లో 19. అంతా సరిగ్గానే ఉంది. వెనక్కి చూస్తే తూర్పున నక్షత్రాలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. మెడ మీద చల్లగాలి తగిలింది. అందరినీ లేపి తెరచాప కుదించేలోపే మీటర్ 34 చూపించింది, వాన మొహం మీద సూదుల్లా గుచ్చింది. ఇరవై నిమిషాల్లో మళ్లీ 17. ఇలాంటి జల్లు మేఘం నాలుగైదు మైళ్ల వెడల్పుంటుంది. 60 మైళ్లకొక చుక్క పెట్టిన ఫైల్లో అది ఎక్కడ కనపడుతుంది? మోడల్ తప్పు కాదది. దాని చూపు అంతవరకే.

రెండో లోటు ఇంకా ముఖ్యం. పొదుపు కోసం చిన్న పెట్టె అడిగాం కదా, ఆ పెట్టె బయట ఏం జరుగుతోందో మనకి తెలియదు. పదిహేనో రోజు గాలి మామూలుగానే ఉంది, ఉత్తరం నుంచి మాత్రం పొడవాటి అలలు పక్క నుంచి లేపుతున్నాయి. పొయ్యి మీద గిన్నె నిలవడం లేదు. కారణం ఫైల్లో లేదు. ముందు రోజు తెప్పించిన వాతావరణ చార్టులో ఉంది: ఎక్కడో ఉత్తర అట్లాంటిక్‌లో పెద్ద అల్పపీడనం, చుట్టూ దగ్గర దగ్గరగా సమభార రేఖలు, అంటే ఒకే పీడనం ఉన్న చోట్లని కలిపే గీతలు. ఆ చార్టు అమెరికా వాతావరణ సంస్థ వాళ్ల ఎఫ్‌టీపీమెయిల్ అనే ఫైళ్లు పంపే సేవ ద్వారా వచ్చింది. అది కూడా మెయిలే. ఓపెన్, సీడీ ఫ్యాక్స్, గెట్ అని ఫైలు పేరు, క్విట్, ఒక్కో లైనుకి ఒక్కోటి. నలుపు తెలుపు బొమ్మ వస్తుంది. ఫైలు పేర్లు ఒడ్డున ఉండగానే రాసిపెట్టుకోవాలి, అక్కడ వెతుక్కునే వీలుండదు. ఆ చార్టులో ఫ్రంట్ (వేడిగాలి, చల్లగాలి ఎదురుపడే సరిహద్దు) ఎక్కడుందో గీసేది అనుభవమున్న మనిషి. గ్రిబ్‌లో ఆ గీత ఉండదు.

హెచ్చరికల టెక్స్ట్ కూడా సెయిల్‌డాక్స్‌లోనే దొరుకుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి. ఆ దారిలో 35 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దాటేదాకా బులెటిన్ ఫ్రాన్స్ వాళ్లది, దాటాక అమెరికా వాళ్లది. మేం దాటిన రోజే అడిగే పేరు మార్చాం.

ఇప్పుడు స్టార్‌లింక్ శాటిలైట్ ఇంటర్నెట్ ఉండగా ఇదంతా ఎందుకని అడుగుతారు. ఉంటే పెట్టుకోండి, మంచిదే. కానీ దాని మామూలు డిష్ 50 వాట్లకి పైనే తింటుంది. బ్యాటరీ పడిపోయిన రోజున, డిష్ మీద ఉప్పునీళ్లు పడి ఆగిన రోజున మిగిలేది ఈ చిన్న మెయిలే. నా పడవైతే రెండూ పెడతాను.

మన దేశంలో ఉన్నవాళ్లకి గట్టిగా చెప్తున్నా. అనుమతి లేకుండా ఇరిడియం, తురాయా శాటిలైట్ ఫోన్లు మన దేశంలోకి తేవడం, మన జలాల్లో వాడటం నేరం. ఈ వీడియో చూసి ఎక్కడి నుంచో తెప్పించుకోవద్దు. లెఫ్టినెంట్ కమాండర్ స్వాతి మన విశాఖ నుంచి, లెఫ్టినెంట్ ఐశ్వర్య హైదరాబాద్ నుంచి, 2017-18లో తారిణి అనే నౌకాదళ తెరచాప పడవలో ప్రపంచాన్ని చుట్టి వచ్చాక తెరచాప పడవల మీద మనవాళ్లకి ఆసక్తి పెరిగింది, నాకు సంతోషం. కానీ పరికరం కొనేముందు టెలికాం శాఖ నిబంధనలు చదవండి.

మన మత్స్యకారుల సంగతి వేరు. వాళ్లకి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం ఉంది. 2019లో వచ్చిన జెమిని పరికరం గగన్ ఉపగ్రహాల నుంచి హెచ్చరికలు అందుకుని బ్లూటూత్‌తో సెల్‌ఫోన్‌లో చూపిస్తుంది. టవర్ అందనంత లోపలికి వెళ్లినా పని చేస్తుంది. ఎవరూ ఏమీ అడగక్కర్లేదు, వార్త దానంతటదే పడవకి చేరుతుంది. ఇటు నుంచి మాట పంపే వీలు మాత్రం లేదు. ఆ వీలు దీనిలోనే వస్తే ఎంత బాగుంటుందో. మా ఊరు వెళ్లినప్పుడు పెదనాన్న కొడుకు బోటు మీద దాన్ని ఒకసారి చేత్తో పట్టుకుని చూశాను. అమ్మకి చూపించాను. ఆవిడ చాలాసేపు దాన్ని తిప్పి తిప్పి చూసింది.

మీరు ఇలాంటి ప్రయాణానికి సిద్ధమవుతుంటే ఈ పని రేవులో ఉండగానే చేయండి. వైఫై ఆపేసి, శాటిలైట్ ఫోను మీద మాత్రమే, వారం రోజులు రోజుకోసారి స్పాట్ తెప్పించుకోండి. దాన్ని చేత్తో పట్టుకుని బయటికొచ్చి జెండా ఎటు ఎగురుతోందో సరిచూడండి. లైన్లన్నీ కింద డిస్క్రిప్షన్‌లో పెట్టాను, హద్దుల అంకెలూ, వాటి పక్కన అక్షరాలూ మీ దారికి తగ్గట్టు మార్చుకోండి. ఉంటానండీ.