కార్డా, ఇన్సూరెన్సా, క్యాషా?

శ్రోతలకు నమస్కారం.

తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ పెద్ద ఆసుపత్రి మెట్లెక్కితే, రోగం ఏమిటని డాక్టరు అడిగేలోపే కౌంటరు దగ్గర ఇంకో ప్రశ్న ఎదురవుతుంది. కార్డా, ఇన్సూరెన్సా, క్యాషా? కార్డు అంటే ఆరోగ్యశ్రీ. ఇప్పుడు దాని పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. ప్రభుత్వం మారినప్పుడల్లా బోర్డు మీద పేరు మారుతుంది గానీ, జనం మాత్రం "ఇది ఆరోగ్యశ్రీలో వస్తుందా సార్" అనే అడుగుతారు. ఇన్సూరెన్స్ అంటే ఏడాదికోసారి ప్రీమియం కట్టి కొనుక్కున్న పాలసీ. ఇక క్యాష్ అంటే మెడలో గొలుసు, కొట్టంలో పాడి ఆవు, లేదంటే తెలిసినవాళ్ల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు.

వైద్యం అందరికీ ప్రభుత్వమే చూడాలా, ఎవరి బీమా వాళ్లు కొనుక్కోవాలా అన్న వాదన ఇవాళ్టిది కాదు, మనది మాత్రమే కాదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, చివరిదాకా దాచడం దేనికి? అడుగున అందరికీ ఒకే ప్రభుత్వ వైద్యం ఉండాలి. దాని పైన ఎవరైనా పాలసీ కొనుక్కుంటే కొనుక్కోనీ. అయితే ప్రభుత్వ వైద్యమంటే చేతికి ఒక కార్డు ఇచ్చేయడమే అంటే మాత్రం నేను ఒప్పుకోను.

ముందు ప్రైవేటు బీమా సంగతి చూద్దాం. దాన్ని తిట్టిపోయడం సులభం. గుండెకు స్టెంటు వేయించుకుని అప్పు లేకుండా ఇంటికి వచ్చినవాళ్లు మన వీధుల్లోనే ఉన్నారు, పాలసీ పుణ్యమా అని. కానీ కంపెనీ నడిచేది లెక్క మీద. ఎవరికి రోగం వచ్చే అవకాశం ఎక్కువో వాళ్ల దగ్గర ఎక్కువ ప్రీమియం తీసుకోవాలి, లేదా వద్దనాలి. అది దుర్మార్గమేమీ కాదు, వ్యాపారం. అందుకే 30 ఏళ్ల ఆరోగ్యవంతుడి వెంట ఏజెంటు తిరుగుతాడు, 62 ఏళ్ల షుగరు మనిషి ఏజెంటు వెంట తిరుగుతాడు. అమెరికా ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో 1963లోనే ఈ సంగతి వివరంగా రాశాడు. వైద్యం మిగతా సరుకుల్లాంటిది కాదన్నాడు. ఎప్పుడు ఎంత అవసరమవుతుందో కొనేవాడికి తెలియదు. ఏం అవసరమో తేల్చి చెప్పేవాడేమో అమ్మేవాడే.

పాలసీ కాగితంలో చిన్న అక్షరాలు చదివే ఓపిక మనలో ఎందరికి ఉంది? ఒక్క రూము అద్దె సంగతే తీసుకోండి. 5 లక్షల పాలసీలో రూముకు రోజుకు 1 శాతం, అంటే 5,000 రూపాయల పరిమితి ఉందనుకుందాం. ఖాళీ లేదనో, కాస్త గాలి వెలుతురు ఉంటుందనో మీరు 8,000 రూపాయల రూములో చేరారు. పోతే రోజుకు ఆ 3,000 మన జేబులోంచి పోతాయి, అంతే కదా అనుకుంటాం. కాదు. డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు, నర్సింగ్ లాంటి ఖర్చులన్నీ కూడా అదే నిష్పత్తిలో, ఎనిమిదింట అయిదు వంతులకే ఇస్తారు. ఆ ఖర్చులు 1,60,000 అయితే కంపెనీ ఇచ్చేది లక్ష. మిగతా 60,000 డిశ్చార్జి రోజున కట్టాలి. మందులకూ, శరీరంలో అమర్చే పరికరాలకూ ఈ కోత పెట్టకూడదని నియమం ఉంది, అదొక్కటే ఊరట. ఈ పరిమితి లేని పాలసీలు కూడా ఉన్నాయి, కాకపోతే వాటి ప్రీమియం ఎక్కువ.

ఇంకో చిక్కు, పాలసీ తీసుకునే రోజు షుగరు, బీపీ ఉన్నాయని చెప్పకపోవడం. చెబితే ప్రీమియం పెరుగుతుందని ఏజెంటే వద్దంటాడు చాలాసార్లు. తర్వాత క్లెయిమ్ రిజెక్ట్ అయినప్పుడు ఆ ఏజెంటు ఫోను ఎత్తడు. ఉన్న రోగం ఉన్నట్టు రాస్తే, ఆ రోగానికి క్లెయిమ్ రావడానికి గరిష్ఠంగా 3 ఏళ్లు ఆగాలి. 2024 ముందు అది 4 ఏళ్లు ఉండేది. పాలసీ ఆగకుండా 60 నెలలు నడిస్తే, ఆ తర్వాత మోసం రుజువైతే తప్ప పాత రోగం దాచారన్న పేరుతో కంపెనీ క్లెయిమ్‌ను కాదనలేదు. అన్యాయం జరిగిందనుకుంటే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, హైదరాబాద్‌లో బీమా తగాదాలు విని తీర్పు చెప్పే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. లాయరు అక్కర్లేదు, ఫీజు లేదు. 50 లక్షల వరకు తీర్పు ఇవ్వగలరు. ఇంత సదుపాయం ఉందని పాలసీ అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు లెండి.

ఇప్పుడు అందరికీ ఒకటే వైద్యం అన్న వాదన దగ్గరికి వద్దాం. మన చిత్తూరు సీమలో చెరువు పని అంటే తెలియని రైతు లేడు. ఆయకట్టులో గుంట భూమి ఉన్నవాడు కూడా ఇంటికొక మనిషి చొప్పున వచ్చి కాలువ తీసేవాడు, కట్టకు మట్టి పోసేవాడు. ఆ ఏడు ఎవరి మడి ఎండుతుందో ముందుగా ఎవరికీ తెలియదు కాబట్టి అందరూ వచ్చేవాళ్లు. తర్వాత బోర్లు వచ్చాయి. బోరు ఉన్న రైతుకు చెరువుతో పనేముంది? పనికి రావడం మానేశాడు. చెరువు పూడింది. చెరువు పూడేసరికి భూమిలోకి నీళ్లు దిగడం తగ్గింది, కొన్నాళ్లకు బోర్లు కూడా అడుగంటాయి. వెయ్యి అడుగులు వేసినా దుమ్మే వచ్చింది. సొంత పాలసీ ఉంది కదా, ప్రభుత్వ ఆసుపత్రి ఏమైపోతే నాకేం అనుకునే మధ్యతరగతికి నేను చెప్పదలచుకున్నది ఇదే. ఇవాళ ప్రైవేటు ఆసుపత్రిలో మన నాడి చూసే డాక్టర్లలో చాలామంది 1960లో మొదలైన తిరుపతి ఎస్వీ మెడికల్ కాలేజీలో చదివి, రుయా ఆసుపత్రి వార్డుల్లో పేద రోగుల పక్కన నిలబడి పని నేర్చుకున్నవాళ్లే.

రుయా పేరు వచ్చింది కాబట్టి ఒక చేదు మాట కూడా చెప్పాలి. 2021 మే 10 రాత్రి ఆక్సిజన్ ట్యాంకరు ఆలస్యంగా వచ్చి, ప్రెషరు పడిపోయి, అక్కడ కోవిడ్ రోగులు చనిపోయారు. ప్రభుత్వం అప్పుడు చెప్పిన లెక్క 11 మంది. ప్రభుత్వ ఆసుపత్రి ఇంతే అని దీన్ని చూపించి అనేవాళ్లున్నారు. నేను దీన్ని వేరే విధంగా చూస్తాను. ఆ నెలల్లో 10 లక్షల పాలసీ ఉన్నవాళ్లు కూడా బెడ్డు కోసం ఊళ్లు పట్టుకు తిరిగారు. లేని ఆక్సిజన్ను ఏ పాలసీ కొనిపెట్టగలదు? బీమా అనేది బిల్లు కట్టే ఏర్పాటు. మంచం, నర్సు, ఆక్సిజన్ ముందే ఉంటేనే దానికి విలువ.

టీబీని చూడండి. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915 నాటిది. అక్కడి గాలి మంచిదని దక్షిణ దేశమంతటి నుంచి రోగులు వచ్చేవాళ్లు. ఇప్పుడు టీబీకి దేశమంతటా మందులు ఉచితం. ఎందుకంటే పక్కింటాయన టీబీ మాత్రలు మధ్యలో మానేస్తే ఆ దగ్గు మన ఇంట్లోకి వస్తుంది. ఆయన ప్రీమియం కట్టాడా లేదా అని లెక్క చూసే రోగం కాదది.

స్వాతంత్ర్యానికి ముందే, 1946లో దేశ ఆరోగ్య ఏర్పాట్ల మీద ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ చెప్పింది, డబ్బు కట్టలేని కారణంగా ఏ ఒక్కరికీ వైద్యం అందకుండా పోకూడదని. రెండేళ్ల తర్వాత 1948 జులై 5న బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. పన్నుల డబ్బుతో నడుస్తుంది, రోగి బిల్లు చూడడు. ఆపరేషన్లకు నెలల తరబడి వెయిటింగ్ ఉంటుందన్నదీ నిజమే. జర్మనీ దారి వేరు. 1883లో బిస్మార్క్ కాలంలో కార్మికులకు తప్పనిసరి బీమా పెట్టారు, తర్వాత అది అందరికీ విస్తరించింది. అంటే బీమా ఉన్నంత మాత్రాన అందరి వైద్యానికి విరుద్ధమని కాదు. అందరూ అందులో ఉండాలి, రోగం ఉన్నవాణ్ణి వద్దనకూడదు, అదీ కిటుకు. అమెరికా సంగతి మన ఇళ్లలో తెలియనిది కాదు. అమ్మాయి పురుడికని తిరుపతి నుంచి వెళ్లే తల్లిదండ్రులు టికెట్టుతో పాటు ట్రావెల్ ఇన్సూరెన్స్ కొంటారు, అయినా అక్కడున్న ఆరు నెలలూ జ్వరం వస్తుందేమోనని టెన్షనే. ఆ దేశం జాతీయోత్పత్తిలో 17 శాతం పైన వైద్యానికి పోస్తుంది, అయినా 2023లో దాదాపు 2.6 కోట్ల మందికి ఏ బీమా లేదు.

వీటన్నిటికంటే మనకు దగ్గరి పోలిక థాయ్‌లాండ్ అనిపిస్తుంది. 2001-02లో అక్కడి డబ్బులో 30 బాత్‌లకే వైద్యం అని పథకం పెట్టారు. అప్పటికి అది ధనిక దేశమేమీ కాదు. కానీ అంతకు ముందే ఏళ్ల తరబడి జిల్లా ఆసుపత్రులు కట్టుకున్నారు, చదువు ముగించిన డాక్టర్లను పల్లెలకు పంపారు. పథకం వచ్చేనాటికి వెళ్లడానికి ఆసుపత్రి ఉంది, అందులో డాక్టరు ఉన్నాడు.

మనం తిరగేసి చేశాం. 2007 ఏప్రిల్‌లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మూడు జిల్లాల్లో మొదలైంది, మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. మొదట ఒక బీమా కంపెనీ ద్వారా నడిచి, తర్వాత ప్రభుత్వ ట్రస్టు చేతికి వచ్చింది. కుటుంబానికి 2 లక్షలతో మొదలైన పరిమితి 2023 డిసెంబరుకు 25 లక్షలయింది. ఈ పథకం ప్రాణాలు నిలబెట్టింది, అందులో నాకు అనుమానం లేదు. తిరుపతిలో 1993 నుంచి నడుస్తున్న స్విమ్స్ ఆసుపత్రిలో, 2021లో మొదలైన చిన్నపిల్లల హృదయాలయంలో పేదవాళ్లు ఆపరేషన్లు చేయించుకుని వెళ్తున్నారు. తిరుమల దేవస్థానం వారి ప్రాణదాన ట్రస్టు వేరే ఉంది. ఎక్కడో నాగపూరు నుంచో నెల్లూరు నుంచో వచ్చిన భక్తుడిచ్చిన విరాళం పలమనేరు పిల్లవాడి గుండెకు ఉపయోగపడటం మామూలు విషయం కాదు.

కానీ ఆరోగ్యశ్రీ గుండె కోసినప్పుడు ఇస్తుంది, బీపీ మాత్రకు ఇవ్వదు. ప్రైవేటు పాలసీలు కూడా ఎక్కువగా అంతే, ఆసుపత్రిలో చేరితేనే. మన ఇళ్లలో నెలనెలా జేబుకు చిల్లు పెట్టేవి షుగరు మాత్రలు, థైరాయిడ్ టెస్టులు, మోకాలి నొప్పుల మందులు. ఇవి సరిగ్గా అందక, అయిదేళ్లకు కిడ్నీ చెడి డయాలసిస్‌కు చేరితే, అప్పుడు కార్డు పడుతుంది! జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం, వైద్యానికి దేశంలో అయ్యే మొత్తం ఖర్చులో జనం సొంతంగా పెట్టుకునేది 2013-14లో 64.2 శాతం, 2021-22లో 39.4 శాతం. తగ్గింది, మంచిదే. అయినా వంద రూపాయల్లో నలభై ఇంకా మన జేబులోంచే. 2025 నాటికి జాతీయోత్పత్తిలో 2.5 శాతం ప్రభుత్వాలు వైద్యానికి పెట్టాలని 2017 ఆరోగ్య విధానం చెప్పింది. 2021-22లో పెట్టింది 1.84 శాతం, అదీ కోవిడ్ ఏళ్లలో.

మధ్యలో నలిగేవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. రేషన్ కార్డు ఇవ్వడానికి ఆదాయం ఎక్కువ, 40,000 ప్రీమియం కట్టడానికి తక్కువ. ప్రైవేటు స్కూలు టీచరు, చిన్న లాడ్జి మేనేజరు, సొంత ట్యాక్సీ నడిపే డ్రైవరు. 70 ఏళ్లు దాటిన వాళ్లందరికీ ఆదాయంతో పని లేకుండా 5 లక్షల వరకు ఆయుష్మాన్ భారత్ ఇస్తామని కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టింది. 45 నుంచి 70 మధ్య వయసువాడు ఎక్కడికి పోవాలి? చిత్తూరు వాళ్లు ఎప్పటి నుంచో పోయే చోటు ఒకటుంది, రాయవేలూరు, అంటే తమిళనాడు వెల్లూరులోని సీఎంసీ ఆసుపత్రి. రెండు జతల బట్టలు, పాత రిపోర్టులు సంచిలో పెట్టుకుని తెల్లవారి బస్సెక్కుతారు. అక్కడ డబ్బు ఖర్చయినా నిజం చెబుతారన్న నమ్మకం. ఆ నమ్మకం మన మండల ఆసుపత్రి మీద ఎందుకు కలగలేదో ఆరోగ్య శాఖ ఆలోచించుకోవాలి.

2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం కొత్త పద్ధతికి ఒప్పుకుంది. ఆదాయంతో పని లేకుండా రాష్ట్రంలోని కుటుంబాలకు ఏడాదికి 2.5 లక్షల వరకు బీమా కంపెనీ ద్వారా, పేదవాళ్లకు ఆపైన 25 లక్షల వరకు ట్రస్టు ద్వారా. మధ్యతరగతిని లోపలికి తీసుకోవడం నాకు నచ్చింది. 2007లో కంపెనీతో మొదలై ట్రస్టుకు వచ్చిన బండి మళ్లీ కంపెనీ దగ్గరికి వెళ్లడం మాత్రం ఆలోచించాల్సిన విషయం. బకాయిలు రాలేదని పథకంలో చేరిన నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేయడం చూశాం కాబట్టి, బిల్లులు వేళకు చెల్లుతాయని దీన్ని సమర్థించేవాళ్ల మాటను కొట్టిపారేయలేను. కానీ క్లెయిమ్ కాదన్నప్పుడు పేదవాడు ఎవరిని అడగాలి? ఆసుపత్రిలో పథకం తరఫున కూర్చునే వైద్య మిత్రనా, కంపెనీనా, కలెక్టరునా? ఆ జవాబు ఆసుపత్రి గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి, ఫోను నంబరుతో సహా.

ఈలోగా మనం చేయగలిగింది ఒకటుంది. ఈసారి 104 బండి మీ ఊరికి వచ్చినప్పుడో, పీహెచ్‌సీకి వెళ్లినప్పుడో, బీపీ, షుగరు మాత్రలు నెలకు సరిపడా ఇస్తున్నారా, పదిహేను రోజులకే ఇచ్చి పంపుతున్నారా చూడండి. సగమే ఇస్తుంటే గ్రామసభలో లేచి అడగండి, అడిగినట్టు తీర్మానంలో రాయించండి.

నమస్కారం.