చలికి వైరస్ చావదు: బయోబ్యాంక్ శాంపిళ్లను ఎలా దాచాలి, ఎలా తీయాలి

నమస్కారం. రోగకారక క్రిములున్న రక్తం, సీరం, కళ్లె, కణజాలం లాంటి శాంపిళ్లను బయోబ్యాంక్‌లో ఎలా దాచాలో, ముఖ్యంగా ఎలా బయటికి తీయాలో ఈ వీడియోలో చూద్దాం. చాలామంది ఫ్రీజర్‌లోకి వెళ్లింది కదా, ఇక భయం లేదనుకుంటారు. చలికి వైరస్ చావదండీ. శాంపిల్ పాడవకూడదనే కదా మైనస్ 80 డిగ్రీల్లో పెడతాం! దాంతోపాటు వైరస్ కూడా పాడవకుండా ఉంటుంది. కరిగాక మళ్లీ సోకగలదు.

1995లో లాన్సెట్ పత్రికలో ఒక రిపోర్ట్ వచ్చింది. రోగులకు ఎక్కించడానికి ఎముక మజ్జ, మూలకణాల సంచులు దాచిన లిక్విడ్ నైట్రోజన్ (విపరీతంగా చల్లగా ఉండే ద్రవ నైట్రోజన్) ట్యాంకులో హెపటైటిస్ బి వైరస్ చేరింది. ఒకరి సంచి నుంచి కారినది అదే ట్యాంకులో ఉన్న వేరేవాళ్ల సంచులకు పాకి, వాళ్లకు జబ్బు తెచ్చింది. అందుకే ఇలాంటి శాంపిళ్లను ద్రవంలో ముంచకండి. ద్రవానికి పైనుండే ఆవిరి భాగంలో పెట్టండి. ఆ చలి చాలు.

ఇప్పుడు అసలు ప్రమాదం దగ్గరికి వద్దాం. ఈ వయల్, అంటే శాంపిల్ దాచే చిన్న సీసా, మూత దగ్గరగా చూడండి. మూత తిప్పి బిగించే మరల గాట్ల మధ్య సన్నటి సందు కనిపిస్తోందా? వయల్ ద్రవంలో మునిగి ఉంటే నైట్రోజన్ ఈ సందులోంచి లోపలికి దూరుతుంది. బయటికి తీయగానే వాయువై దాదాపు 700 రెట్లు ఉబ్బుతుంది. దారి దొరక్కపోతే వయల్ పేలుతుంది, లోపలున్నది మొహం మీద పడుతుంది. కళ్లద్దాలు ఒక్కటే సరిపోవు, ఫేస్ షీల్డ్ తప్పనిసరి. క్రయో గ్లవ్స్ (అతి చలిని తట్టుకునే చేతి తొడుగులు) పొడిగా, వదులుగా ఉండాలి. లోపల ద్రవం పడితే విదిలించి పారేయగలగాలి. తీసిన వయల్‌ను వెంటనే మందపాటి మూత ఉన్న డబ్బాలో పెట్టి కాసేపు ఆగండి. ఈ ఆగడం దగ్గరే అందరికీ తొందర. దయచేసి ఆగండి. తర్వాత క్లాస్ 2 బయోసేఫ్టీ క్యాబినెట్ (క్రిములు బయటికి రాకుండా గాలిని వడకట్టే పెట్టె) లోపలే మూత తీయండి.

ట్యాంకులున్న గదిలో ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గితే అలారం మోగాలి. నైట్రోజన్‌కు వాసన ఉండదు, ఊపిరాడట్లేదని తెలిసేలోపే మనిషి పడిపోతాడు. ఒంటరిగా వెళ్లొద్దు. లోపల ఎవరైనా పడిపోయి కనిపించినా పరిగెత్తుకుని వెళ్లొద్దు, ముందు అలారం కొట్టి సాయం పిలవండి.

శాంపిల్ ఒలికిందా? గ్లవ్స్‌తోనే పేపర్ టవల్స్ కప్పి, 0.5 శాతం బ్లీచ్ ద్రావణం, అంటే హైపోక్లోరైట్‌ను అంచుల నుంచి మధ్యలోకి పోయండి. వెంటనే తుడిచేయకుండా, మీ ల్యాబ్ నియమాల్లో ఉన్నంతసేపు నాననివ్వండి. సెంట్రిఫ్యూజ్‌లో (ట్యూబులను వేగంగా తిప్పే యంత్రంలో) ట్యూబ్ పగిలితే మూత తెరవకుండా అరగంట ఆగాలి, తుంపరలు కిందికి దిగనివ్వాలి.

ఇక లేబుల్. ఆల్కహాల్ తగిలితే చెరిగిపోయే పెన్నుతో రాయకండి. చలికి ఊడిపోని క్రయో లేబుల్, బార్‌కోడ్ వాడండి. ఏ క్రిమి ఉందో, ఉండొచ్చని అనుమానమో రికార్డులో స్పష్టంగా ఉండాలి. ఎందుకంటే ఎవరికైనా సూది గుచ్చుకుంటే సబ్బు నీళ్లతో కడిగాక డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న, "ఆ వయల్‌లో ఏముంది?" అని. హెచ్‌ఐవి అయితే నివారణ మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిది. ఆ సమయంలో లేబుల్ కోసం వెతుక్కునే పరిస్థితి ఎవరికీ రాకూడదు.