నాన్న వేసిన వాషింగ్టన్, కూతురు వేసిన వాషింగ్టన్

నమస్తే అండీ. ఇవాళ్టి బొమ్మలోని ముఖం మీకు తెలిసిందే, అమెరికా ఒక డాలర్ నోటు మీద ఉండే జార్జ్ వాషింగ్టన్. ఆ ముఖానికి మూలమైన పోర్ట్రెయిట్‌ని 1796లో గిల్బర్ట్ స్టువర్ట్ వేశాడు. నేను మాట్లాడబోయేది మాత్రం ఆయన చిన్న కూతురు జేన్ వేసిన నకలు గురించి.

నకలే కదా అని వెళ్ళిపోకండి, ప్లీజ్. అసలు బొమ్మని స్టువర్ట్ పూర్తి చెయ్యనే లేదు, వాషింగ్టన్ కుటుంబానికి ఇవ్వకుండా తన దగ్గరే ఉంచుకుని, దాన్ని చూస్తూ డజన్ల కొద్దీ నకళ్ళు వేసి ఒక్కోటీ వంద డాలర్లకి అమ్మాడు, వాటిని 'వంద డాలర్ల నోట్లు' అని పిలిచేవాడు కూడా. అంటే నకళ్ళు మొదలుపెట్టింది నాన్నే! జేన్ ఆయన దగ్గర రంగులు నూరింది, బ్యాక్‌గ్రౌండ్లు నింపింది, పద్ధతిగా పాఠాలు మాత్రం చెప్పించుకోలేదు. 1828లో ఆయన అప్పులు మిగిల్చి పోయేసరికి ఆమెకి పదహారేళ్ళు. అమ్మా, అక్కలూ ఆమె కుంచె మీదే బతకాలి.

ఇప్పుడు బొమ్మ చూద్దాం. నాన్న బొమ్మలో తల తప్ప చాలావరకు ఖాళీ కాన్వాసే. కూతురు నల్లకోటు, మెడ దగ్గర లేసు, వెనక భాగం అన్నీ నింపింది. ముఖానికొస్తే, స్టువర్ట్ రంగుల్ని కలిపి రుద్దెయ్యకుండా విడివిడిగా వదిలేస్తాడు, అందుకే ఆ బుగ్గల కింద రక్తం పారుతున్నట్టు ఉంటుంది. జేన్ ముఖం నాకు కాస్త నున్నగా, అంచులు గట్టిగా కనిపించాయి. కళ్ళలో ఆ తడి కూడా తగ్గింది, అది లోపమే, దాచను.

కానీ నోరు చూడండి. అప్పటికి వాషింగ్టన్‌కి సొంత పళ్ళు దాదాపు ఏవీ లేవు, కట్టుడు పళ్ళ వల్ల పెదవుల చుట్టూ ఉబ్బు ఉండేది. అందంగా సరిదిద్దెయ్యడం చాలా తేలిక, కొనేవాళ్ళూ కాదనరు. ఆమె సరిదిద్దలేదు, ఆ బిగుతుని అలాగే ఉంచింది. వాషింగ్టన్ చనిపోయిన పదమూడేళ్ళకి పుట్టిన మనిషి అండీ ఈవిడ, ఆయన్ని చూసింది నాన్న కళ్ళతోనే.

1831లో ఆ అసలు బొమ్మ బోస్టన్ ఎథీనియం అనే గ్రంథాలయానికి అమ్ముడుపోయింది. జేన్ 1888లో చనిపోయేదాకా చిత్రకారిణిగానే బతికింది. వీడియో ఇక్కడ ఆపి, రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని ఆ నోటి దగ్గర ఒక్క నిమిషం ఆగండి.